అమెరికా జైల్లో ఉన్న ఖైదీ లాయర్ లేకుండా ఫెడరల్ కోర్టులో జైలు అధికారుల మీద కేసు వేసి గెలవగలడా?

వేయగలడు. ఏటా వేలమంది వేస్తూనే ఉన్నారు. గెలుపు సంగతి అంటారా, నేను చూసినంతలో చాలామంది జడ్జి ముందు ఓడిపోరు. అంతకంటే ముందే, జైల్లో ఇచ్చే ఫిర్యాదు ఫారం దగ్గరే ఓడిపోతారు.

ఇక్కడ అమెరికాలో లా చదివేటప్పుడు ఖైదీల ఉత్తరాలకి జవాబులు రాసే వాలంటీరుగా రెండేళ్ళు పనిచేశాను. ఒకరోజు దక్షిణాది రాష్ట్రం ఒకదాన్నుంచి లావుపాటి కవరు వచ్చింది. లోపల గీతల కాగితాల మీద పెన్నుతో రాసిన 38 పేజీల దావా. జిరాక్సుకి డబ్బుల్లేక మొత్తం మూడుసార్లు చేత్తోనే రాశాడట, కోర్టుకొకటి, తనకొకటి, మాకొకటి. మనిషికి షుగర్. ఒంటరి సెల్‌లో వేశాక ఇన్సులిన్ పూటలు తప్పాయి, చివరికి కాలి వేలు తీసేశారు. తప్పిన ప్రతి పూటకీ స్కేలుతో గడి గీసి తేదీ, టైము, డ్యూటీలో ఎవరున్నారు, అడిగితే ఏమన్నారు అన్నీ రాశాడు. అంత శ్రద్ధగా రాసిన కాగితం లాయర్ల దగ్గర కూడా నేను చూడలేదు.

చట్టం కూడా ఆయన వైపే ఉంది. ఖైదీ జబ్బుని తెలిసి కూడా పట్టించుకోకపోతే అది రాజ్యాంగం నిషేధించిన క్రూరశిక్షే అని అమెరికా సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది. అది కూడా టెక్సాస్‌లో గాంబుల్ అనే ఖైదీ, పత్తి బేలు మీద పడి నడుం దెబ్బతింటే, లాయర్ లేకుండా చేత్తో రాసుకున్న దావా మీదే.

కానీ 1996లో ఒక చట్టం వచ్చింది. జైలు సొంత ఫిర్యాదు పద్ధతి మొత్తం పూర్తిచేశాకే కోర్టుకి రావాలి. గడువు ఆ జైలువాళ్ళు పెట్టిందే, ఈయన జైల్లో 15 రోజులు. ఈయన ఆసుపత్రి మంచం మీద ఉండి 19వ రోజున ఫారం ఇస్తే 'ఆలస్యం' అని ముద్ర కొట్టి తిప్పి పంపారు. ఫారం ఇచ్చే దారే లేనప్పుడు ఆ నియమం వర్తించదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ముక్క ఆయనకి తెలియదు. 38 పేజీల్లో ఆసుపత్రిలో ఉన్న సంగతి ఒక్క లైనే రాశాడు. సివిల్ కేసు కాబట్టి ప్రభుత్వం లాయర్‌ని ఇవ్వాలన్న హక్కు కూడా లేదు. మేము వివరంగా రాసి పంపాం, కానీ జైలు తనిఖీలు దాటి ఆ ఉత్తరం ఆయన చేతికి అందేసరికి జవాబు చెప్పుకోడానికి కోర్టు ఇచ్చిన గడువు అయిపోయింది, కేసు కొట్టేశారు. ఇంకో రెండు రోజులు ముందు పంపాల్సింది. ఆ బాధ నాకింకా పోలేదు.

'ఖైదీలకి పనీపాటా లేక వేసే కేసులు' అని మనవాళ్ళే తేలిగ్గా అంటుంటే ఒళ్ళు మండిపోతుంది. ఆ చట్టం తెచ్చినప్పుడు కూడా ఒక ఖైదీ వేరుశనగ బటర్ రకం మారిందని కేసు వేశాడంటూ దేశమంతా నవ్వించారు. అసలు సంగతేంటంటే, వద్దని తిప్పి ఇచ్చిన డబ్బా తాలూకు రెండున్నర డాలర్లు ఆయన ఖాతాలో తిరిగి వేయలేదు. జాన్ న్యూమన్ అనే జడ్జి ఆ ఫైలు తీసి చూసి, ఈ ప్రచారం తప్పని రాశారు కూడా. జైల్లో మనిషికి రెండున్నర డాలర్లంటే చిన్న విషయం కాదు.

ఫీజు ఎంతో తెలుసా, 350 డాలర్లు. పేదవాడైనా మాఫీ లేదు, ఖాతాలో పడే డబ్బులో నెలనెలా 20 శాతం కోస్తారు, కేసు కొట్టేసినా సరే. ఆ రాష్ట్రంలో ఖైదీల పనికి జీతం లేదు. అంటే కోసేది వాళ్ళమ్మ పంపే డబ్బులోంచే.

ఆయన ఆఖరి ఉత్తరంలో తన కేసు గురించి ఏమీ అడగలేదు. పక్క సెల్‌లో కుర్రాడికి చెయ్యి విరిగిందనీ, అదే రోజు రాత్రి కూర్చుని వాడి ఫారం తానే రాసిపెట్టాననీ రాశాడు. ఇంకో నాలుగు ఖాళీ ఫారాలు పంపగలరా అని అడిగాడు.