కనబడని దొంగకి బాణం ఎలా తగిలింది? - పాఠకుల ప్రశ్నలు, అక్క జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటిది ఒకటే తగువు. ఎవరికి ఏం కనబడుతుంది, ఎవరికి ఏం తెలుస్తుంది. పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటి పెట్టె 1974లో బయటికొచ్చింది, యాభై ఏళ్ళు దాటినా ఈ పేచీ మాత్రం తెగలేదు. జవాబులు 2014 నాటి ఐదో ఎడిషన్ ప్రకారం చెబుతున్నాను, ఎందుకంటే రాసినవాళ్ళందరూ దాన్నే ఆడుతున్నారు. 2024లో మారినవి ఉంటే అక్కడక్కడ చెబుతాను.

అక్కా, మా హాస్టల్లో ఐదుగురం ఆడతాం. నాది మూడో లెవెల్ రోగ్ (దొంగ పాత్ర). మా విజార్డ్ (మంత్రగాడు) నా మీద ఇన్విజిబిలిటీ మంత్రం వేశాడు. ఫైట్ మధ్యలో గోబ్లిన్లని (పొట్టి రాక్షసుల్ని) దాటుకుని వెళ్తుంటే డీఎం (ఆట నడిపేవాడు) "నువ్వెక్కడున్నావో వాటికి తెలుసు" అని బాణాలు వేయించాడు. కనబడనివాడి మీద బాణం ఏంటక్కా? రెండు వారాలుగా ఆట ఆగిపోయింది. - విశాఖపట్నం నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

తమ్ముడూ, నీకు నచ్చదు గానీ మీ డీఎం చెప్పింది కరెక్టే. చిన్నప్పుడు కళ్ళకు గంతలు ఆడే ఉంటావు. గంతలు కట్టుకున్నవాడికి ఎవరూ కనబడరు, అయినా నవ్విన పిల్ల ఏ మూల ఉందో తెలిసిపోతుంది, గాజులు చప్పుడైతే చెయ్యి అటే పోతుంది. ఇన్విజిబిలిటీ కూడా అంతే. కంటికి కనబడకుండా చేస్తుంది తప్ప, నీ అడుగుల చప్పుడు ఆపదు, బురదలో నీ కాలిముద్రలు చెరపదు. పుస్తకంలో ఉన్నదీ ఇదే: చప్పుడు వల్లో జాడల వల్లో కనబడనివాడి చోటు పట్టుకోవచ్చు. అందుకే ఫైట్‌లో నువ్వు ప్రత్యేకంగా దాక్కోనంతవరకు నీ చోటు శత్రువులకు తెలుసన్నట్టే చాలామంది ఆడతారు.

అలాగని ఆ మంత్రం వృథా ఏమీ కాదు. గోబ్లిన్ నీ మీద బాణం వేయాలంటే డిసడ్వాంటేజ్, అంటే ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి తక్కువ పడ్డదే తీసుకోవాలి. నీ ఏసీ, అంటే నీకు దెబ్బ తగలాలంటే కనీసం రావాల్సిన మొత్తం, 14 అనుకో, గోబ్లిన్ బాణానికి పాచిక మీద +4 కలుస్తుంది, మామూలుగా నూటికి 55 సార్లు తగులుతుంది, డిసడ్వాంటేజ్‌తో అది 30కి పడిపోతుంది. ఇది చిన్న లాభమేం కాదు.

అసలు నువ్వు వదిలేసింది ఇంకొకటుంది. రోగ్‌కి రెండో లెవెల్ నుంచే కన్నింగ్ యాక్షన్ అనే నేర్పు వస్తుంది కదా, బోనస్ యాక్షన్‌తో, అంటే అదే వంతులో అదనంగా దొరికే చిన్న పనితో, దాక్కోవచ్చు. మామూలుగా దాక్కోవాలంటే గోడో స్తంభమో కావాలి, ఇన్విజిబిలిటీ ఉంటే నడిబజార్లో నిలబడి కూడా దాక్కోవచ్చు, మంత్రం ఇచ్చే నిజమైన వరం అదే. గోబ్లిన్ పాసివ్ పర్సెప్షన్, అంటే పాచిక వేయకుండానే పసిగట్టే శక్తి, 9 మాత్రమే. నీ స్టెల్త్ (నక్కే నేర్పు) +7 అయితే పాచిక మీద 3 పడినా నువ్వు మాయం. అప్పుడు వాటికి నీ చోటే తెలియదు, ఊహించి ఖాళీ జాగాలో బాణం వేస్తే అది గాలిలోకే. ఒకటి గుర్తుపెట్టుకో, ఈ రెండో లెవెల్ మంత్రంలో నువ్వు ఒక్కసారి దాడి చేసినా, ఏదైనా మంత్రం వేసినా అక్కడితో సరి, కనబడిపోతావు.

మీ డీఎంకి కూడా ఒక మాట. ఫైట్ మొదలవకముందు, వందడుగుల దూరంలో, వాగు హోరు పక్కన మెల్లగా నడుస్తున్నవాడి చోటు కూడా "తెలుసు" అనేస్తే మాత్రం అది దబాయింపే. అక్కడ స్టెల్త్ వేయించాలి. 2024 పుస్తకంలో దాక్కోవడమే మారిపోయింది, స్టెల్త్ 15 కొడితే నీకు ఇన్విజిబుల్ అనే స్థితి వస్తుంది, గుసగుస కంటే గట్టిగా మాట్లాడితే పోతుంది. పేరు ఒకటే పెట్టేసరికి కొత్తవాళ్ళు గోడచాటున నక్కినవాడు నిజంగానే గాజులా అయిపోయాడనుకుంటున్నారు. నాకైతే ఆ పేరు నచ్చలేదు.

మేడమ్, మా విజార్డ్ సీ ఇన్విజిబిలిటీ (అదృశ్యంగా ఉన్నవాళ్ళు కనబడే మంత్రం) వేసుకున్నా, అదృశ్యంగా ఉన్న శత్రువుని కొట్టేటప్పుడు డిసడ్వాంటేజ్ తప్పదని మా డీఎం పుస్తకం చూపిస్తున్నాడు. ఇదేం న్యాయం? - గుంటూరు నుంచి

అక్షరం పట్టుకుంటే ఆయనే గెలుస్తాడు. 2014 పుస్తకంలో ఇన్విజిబుల్ అనే స్థితి కింద రెండు ముక్కలు విడివిడిగా ఉన్నాయి: ఒకటి కనబడడు అని, రెండోది అతన్ని కొట్టడానికి డిసడ్వాంటేజ్ అని. రెండోదానికి "నువ్వు చూడలేకపోతేనే" అన్న షరతు రాయలేదు. ఇంత ఖర్చుపెట్టి మంత్రం వేసుకుని కళ్ళారా చూస్తూ గుడ్డివాడిలా కొట్టడం ఏంటని నా టేబుల్ మీద నేనెప్పుడూ ఒప్పుకోలేదు. 2024లో ఆ షరతు చేర్చారు, ఎలాగోలా నిన్ను చూడగలిగేవాడి ముందు ఆ లాభం నీకు లేదు. ఆ వాక్యం మీ డీఎంకి చూపించండి. అప్పటికీ వినకపోతే ఫేరీ ఫైర్ వేయించండి, మొదటి లెవెల్ మంత్రమే, అది తగిలినవాడు అదృశ్యంగా ఉండి కూడా ప్రయోజనం ఉండదు, పైగా వాడిని కొట్టడానికి మీకే అడ్వాంటేజ్, అంటే పాచిక రెండుసార్లు వేసి ఎక్కువ పడ్డదే తీసుకోవచ్చు.

నమస్తే అండి. డాలస్‌లో ఉంటాం, శనివారాలు పిల్లలతో ఆడతాను, నేనే డీఎం. మా పన్నెండేళ్ళ అబ్బాయి ప్రతిచోటా మైనర్ ఇల్యూజన్ అనే ఉత్తుత్తి బొమ్మల మంత్రంతో ఒక పెట్టె సృష్టించి దానిలో కూర్చుంటాడు. కాపలావాళ్ళకి ఎప్పుడు తెలియాలి? నేను తెలిసిందంటే ఏడుస్తాడు, తెలియలేదంటే వాళ్ళక్క ఏడుస్తుంది.

మీ అబ్బాయి బుర్ర బాగుందండి. పెట్టె ఐదడుగులు దాటకపోతే చాలు, అతని పాత్ర అందులో పట్టేంత పొట్టిదైతే నిబంధన అడ్డురాదు.

మయసభలో దుర్యోధనుడిని గుర్తుచేసుకోండి. నేల అనుకుని అడుగేశాడు, నీళ్ళలో పడ్డాడు. పడ్డాకే తెలిసింది. ఈ మంత్రాలూ అంతే, ఊరికే చూసినవాడికి అది పెట్టే. తెలియడానికి దారులు రెండే. ఒకటి, ముట్టుకోవడం: చెయ్యో రాయో ఈటెమొనో అందులోంచి దూరిపోతే గుట్టు రట్టే. రెండు, ఒక యాక్షన్ (తన వంతులో చేసే పని) ఖర్చుపెట్టి పరిశీలించడం, అంటే ఇన్వెస్టిగేషన్ వేసి, మంత్రం వేసినవాడి సేవ్ డీసీని, అంటే ఆ మాయని ఛేదించడానికి కావలసిన అంకెని, అందుకోవాలి. మొదటి లెవెల్లో అది 13 ఉండొచ్చు, మామూలు కాపలావాడికి ఇన్వెస్టిగేషన్‌లో కలిసొచ్చేది సున్నా, కాబట్టి నూటికి 40 సార్లు పట్టుకుంటాడు. దీనికి పర్సెప్షన్ వేయించకండి, చాలామంది చేసే తప్పు అదే.

ఇక మీరు తేల్చాల్సింది వేరే, అసలు కాపలావాడు పరిశీలించాలని ఎందుకు అనుకోవాలి? గోదాములో నలభై పెట్టెల మధ్య ఇంకో పెట్టె ఉంటే ఎవరు చూస్తారు. అదే రాజుగారి పడకగది ముందు వసారాలో ఉంటే? మన హాల్లో రాత్రికి రాత్రి బీరువా వెలిసిందనుకోండి, అది మాయా కాదా అని ఆలోచించం, ముందు వెళ్ళి తలుపు లాగుతాం. అబ్బాయికి ముందే చెప్పండి: చోటుకి తగ్గ వస్తువు ఎంచుకుంటే నీ అదృష్టం, లేకపోతే వాడొచ్చి తన్నుతాడు.

ఒకడు పట్టుకున్నాక రెండోవాడికి? పరిశీలించి కనిపెట్టినవాడి కంటికి మాత్రమే బొమ్మ పలచబడుతుంది. "ఒరేయ్, అది ఉత్తుత్తిదే" అని అరిస్తే పక్కవాడికి తెలుస్తుంది, కానీ కంటికి ఇంకా పెట్టే కనబడుతుంది. నేనైతే మొదటివాడు అందరి ముందు అందులోకి చెయ్యి పెట్టి చూపిస్తేనే మిగతావాళ్ళకీ పలచన చేస్తాను. అది పుస్తకంలో ఇంత విడమరిచి లేదు, నా తీర్పు. అన్నట్టు, మైనర్ ఇల్యూజన్ బొమ్మకి వాసన లేదు, వెలుగు లేదు, కదలదు. వేటకుక్క వస్తే అబ్బాయి పని అయిపోయినట్టే.

అక్కా, డిటెక్ట్ మ్యాజిక్‌తో అదృశ్యంగా ఉన్నవాడిని పట్టుకోవచ్చా? - కరీంనగర్

సగం. వంటింట్లో గ్యాస్ వాసన వస్తుంది, లీకెక్కడో తెలియదు, అలాగన్నమాట. 30 అడుగుల లోపల మాయ ఉందని పసిగడతావు. ఆ మాయ తాలూకు కాంతివలయం మాత్రం కంటికి కనబడే మనిషి చుట్టూ, వస్తువు చుట్టూనే కనిపిస్తుంది. ఇంకోటి, పలచని సీసపు రేకు చాలు ఈ మంత్రాన్ని ఆపడానికి. మీ డీఎం నిధిపెట్టెకి లోపల సీసం తాపిస్తే తిట్టుకోకు, తెలివైనవాడు.

మా పార్టీలో (ఆటలో మా జట్టులో) అందరికీ డార్క్‌విజన్ (చీకట్లో చూసే చూపు) ఉంది, టార్చ్ దండగ కదా? - హైదరాబాద్

అందరూ ఇలాగే అనుకుని ఉచ్చులో పడతారు, అక్షరాలా. డార్క్‌విజన్ చీకటిని పగలు చేయదు, మసక వెలుతురు చేస్తుంది, అదీ చాలా జాతులకి 60 అడుగుల వరకే. మసకలో కంటితో చూసే పర్సెప్షన్‌కి డిసడ్వాంటేజ్, అంటే పాసివ్‌లో 5 తగ్గుతుంది. మీ క్లెరిక్ (పూజారి పాత్ర)ది 15 అయితే గుహలో అది 10, ఉచ్చు తాడు కనబడాలంటే 12 కావాలి అనుకోండి, కాలు దాంట్లోనే పడుతుంది. టార్చ్ వెలిగిస్తే 20 అడుగుల దాకా పూర్తి వెలుగు, ఆ పైన ఇంకో 20 మసక. కాకపోతే ఆ వెలుగు మీకే కాదు, చీకట్లో కూర్చున్నవాటికీ దూరం నుంచే కనబడుతుంది. మా టేబుల్ మీద ఫైటర్ టార్చ్ పట్టుకుని నడుస్తాడు, రోగ్ ఆ వెలుగు అంచున, ఓ ముప్ఫై అడుగులు ముందు, మసకలో. ఆ రోగ్ ఉచ్చులో పడి ఇప్పటికి మూడు పాత్రలు మార్చింది.