విండోస్ 10 నుంచి 11కు మారాలా?

చిక్కడపల్లిలో డీటీపీ సెంటర్ నడుపుతున్నామని, విండోస్ 10 ఉన్న కంప్యూటర్‌ను 11కు మార్చాలా అని అడిగారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు, ముగిసింది కాబట్టి, అదే కంప్యూటర్‌లో బ్యాంకు లావాదేవీలు కూడా చేస్తుంటే మారడమే మంచిది. అందుకు టీపీఎం 2.0 (కంప్యూటర్‌లోని భద్రతా చిప్), కనీసం 4 జీబీ ర్యామ్ ఉండాలి. 4 జీబీతో నడుస్తుందే గాని, 8 లేనిదే పని సాగదని నా అభిప్రాయం. మీకు అసలు చిక్కు పేజ్‌మేకర్, అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లతోనూ, ప్రింటర్‌తోనూ వస్తుంది: పెళ్లిపత్రికల సీజన్ మధ్యలో డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) మొరాయిస్తే గిరాకీ పక్క షాపుకు పోతుంది. అందుచేత ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకొని, ముహూర్తాలు లేని ఆషాఢంలో మార్చండి. పొసగకపోతే 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లోని ‘గో బ్యాక్’ నొక్కి పాతదానికి తిరిగి రావచ్చు.