పాత కారు ఏసీ: గ్యాస్ డబ్బా కొనేముందు

మిర్యాలగూడ నుంచి డల్లాస్‌కు కొత్తగ వచ్చిన తమ్ముడి సందేహం: "అన్నా, 2007 మోడల్ కారు కొన్న. ఏసీ వేస్తే వేడిగాలే వస్తున్నది. దుకాణంల గ్యాస్ డబ్బా దొరుకుతది కద, నేనే కొట్టుకోవచ్చా?"

ఆగు తమ్ముడూ. కొత్తగ వచ్చినోళ్లంతా ముందు ఆ డబ్బానే కొంటరు, తర్వాత కంప్రెసర్ (గ్యాస్‌ను ఒత్తి తిప్పే పంపు) కొంటరు. ఇక్కడ నిలదొక్కుకున్నోళ్లం మెకానిక్‌కు ఊరికే పైసలియ్యం, ముందు బానెట్ ఎత్తుతం. నల్గొండ ఎండలు చూసినోడివి, ఇంకో గంట ఓర్చుకో.

ఇంజన్ నడుస్తుండంగ ఏసీ ఫుల్లు పెట్టి కంప్రెసర్ చూడు, చేతులు దూరంగ పెట్టుకో. పుల్లీ ఎట్లాగూ తిరుగుతది. చూడాల్సింది దాని ముందరి ప్లేటు. అది టక్కుమని పుల్లీకి అతుక్కొని తిరిగితే క్లచ్ పట్టినట్టు. కదలకపోతే ఫ్యూజు చూడు, తర్వాత రిలే (కరెంటు కలిపే చిన్న స్విచ్ డబ్బా). అదే నంబరున్న హారన్ రిలే ఉంటే పీకి ఏసీ రిలే జాగల పెట్టు. చల్లగాలి వచ్చిందా, కొత్త రిలేతోనే పని అయిపోయింది. పొద్దున పనిచేసి ఇంజన్ వేడెక్కినంక ఆగిపోతే క్లచ్ గ్యాప్, అంటే పుల్లీకి ఆ ప్లేటుకు మధ్య సందు మీద అనుమానం. ఇంజన్ ఆపి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులు) కొలువు. చాలా బండ్లకు 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్లు ఉండాలె. అరిగి పెరిగితే లోపలి షిమ్ (సన్న వాషర్) ఒకటి తీస్తే మళ్లీ పడుతది.

రోడ్డు మీద చల్లగ, సిగ్నల్ కాడ వేడిగ వస్తే ముందు కండెన్సర్ (బండి ముందర గ్యాస్‌ను చల్లార్చే జాలీ) ఫ్యాన్ చూడు. డ్యాష్‌బోర్డు వెనక టిక్కుటిక్కుమంటే బ్లెండ్ డోర్ (వేడి, చల్లగాలి కలిపే తలుపు) మోటారు. గాలే తక్కువొస్తే క్యాబిన్ ఫిల్టర్. ఎక్కువ బండ్లల్ల గ్లవ్ బాక్స్ వెనక ఉంటది.

ఇగ గ్యాస్. నీ బండికి ఆర్‌134ఏ అనే రకం గ్యాస్ పడుతది, అయినా బానెట్ కింది స్టిక్కర్ చూడు. ఇంజన్ పూర్తిగ చల్లారినంక, బయట 90 ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు ఏసీ పైపుకు తగిలించిన ప్రెషర్ గేజ్ 100 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దాటాలె. 50 చూపిస్తే గ్యాస్ దాదాపు పోయినట్టే. 100 ఉన్నదని నిండుగ ఉన్నట్టు కాదు, లోపల కొంత ద్రవం మిగిలి ఉందని మాత్రమే. అందుకే డబ్బా మీది రంగుల గేజ్‌ను నమ్మకు. నింపాల్సిన గ్యాస్ స్టిక్కర్ మీద 500 గ్రాములని ఉండి, బండిల సగం మిగిలి ఉంటే, 12 ఔన్సుల డబ్బాల 340 గ్రాములుంటది; మొత్తం పోస్తే ఎక్కువైతది. ప్రెషర్ పెరిగి స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తది, మళ్లీ వేడిగాలే.

గ్యాస్ పెట్రోలు లెక్క ఖర్చు కాదు, తగ్గిందంటే లీకే. కండెన్సర్ మీద, పైపుల జాయింట్ల కాడ నూనె మరకలు వెతుకు. లీకు మూసే మందు కలిపిన డబ్బా మాత్రం వద్దు. అది పడ్డ బండిని చాలా షాపులు గ్యాస్ తీసే మిషన్‌కు తగిలించవు. గ్యాస్ గాలిలకు వదలడం ఇక్కడ చట్టవిరుద్ధం, వివరాలు ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) సైట్ల ఉన్నయి.

షాపుకు పోతే పాత గ్యాస్ తీసి, అరగంటన్న వాక్యూమ్ పెట్టి (లోపలి గాలి, తేమ పీల్చేసి), తూకం ప్రకారం నింపమను. ఎంత తీసిన్రు, ఎంత ఎక్కించిన్రు, రెండూ రసీదు మీద రాయించుకో. స్టిక్కర్ లెక్క కంటే బాగా తక్కువ తీసిన్రంటే, లీకు బాగుచేసినంకనే నింపమను. లేకుంటే నింపిన పైసలు పోయినట్టే.