నురుగు పొంగినప్పుడు తొందరపడకు

చిరంజీవికి ఆశీస్సులు.

ట్యాంకుల్లో సూక్ష్మజీవులను పెంచే ఫెర్మెంటేషన్ విభాగంలో చేరీ చేరగానే నురుగుతో సతమతమవుతున్నావని నీ ఉత్తరం వల్ల తెలిసింది. ఆ ట్యాంకుల మధ్యే ఉద్యోగజీవితం గడిపినవాణ్ని కనుక నాకు అనుభవమైనది రాస్తున్నాను.

బెల్లం వండేవారు కాగుతున్న చెరకు రసం పొంగు మీద ఆముదం చుక్కలు చిలకరించడం నువ్వు చూసే ఉంటావు. నురుగును అణచడానికి మనం వేసే యాంటీఫోమ్ చేసే పనీ అదే. సిలికాన్ నూనె బుడగ పొర మీద పరుచుకొని దాన్ని పలచబరుస్తుంది, అందులోని నీటికి తడవని సిలికా రేణువులు ఆ పొరను చీలుస్తాయి. అయితే అది పైనున్న నురుగుతోనే ఆగదు. బ్రాత్, అంటే సూక్ష్మజీవులు పెరిగే ద్రవం, లోపలి సన్నని గాలిబుడగలను కూడా ఒకదానితో ఒకటి కలిపేస్తుంది కనుక, అవి పెద్దవై త్వరగా పైకి తేలిపోయి, సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్ కరగడానికి ఉన్న ఉపరితలం తగ్గిపోతుంది.

కొత్తలో ఒక రాత్రి షిఫ్టులో ట్యాంకు లోపలికి చూసే సైట్ గ్లాసు నిండా తెల్లగా కమ్ముకురావడం చూసి, భయంతో సీసాలో ఉన్నదంతా ఒక్కసారే పంపించాను. నురుగు క్షణాల్లో అణిగింది. దానితోపాటు కరిగిన ఆక్సిజన్ మీటరు ముల్లూ పడిపోయింది. తెల్లవారేదాకా ట్యాంకును కలియబెట్టే అజిటేటర్ వేగం పెంచుతూ కూర్చున్నా ఆ బ్యాచ్ దిగుబడి కోలుకోలేదు. ఇప్పటికీ ఆ ముల్లు నా కళ్లముందే ఉంది.

అందుచేత కొద్దికొద్దిగా వేసి, కొన్ని నిమిషాలు ఆగి, ఆక్సిజన్ రీడింగు చూశాకే మళ్లీ వెయ్యి. యాంటీఫోమ్ ఎమల్షన్, అంటే నీటిలో నూనె కలిసిన ద్రవం, నిలవ ఉంటే విడిపోతుంది కాబట్టి డ్రమ్మును బాగా కలిపించకుండా తీయనివ్వకు. సిలికాన్‌కు బదులు పాలీప్రొపిలీన్ గ్లైకాల్ అనే యాంటీఫోమ్ వాడితే దాని క్లౌడ్ పాయింటు, అంటే అది నీటిలో కరగకుండా విడిపోయి మబ్బుగా మారే ఉష్ణోగ్రత, తెలుసుకో. ఆ ఉష్ణోగ్రత దాటితేనే అది బాగా పనిచేస్తుంది. ఎక్కువైన సిలికాన్ తర్వాతి దశలో మెంబ్రేన్లకు పట్టి వడపోతను మందగింపజేస్తుంది, ఆ తిట్లు కూడా నీకే వస్తాయి.

అన్నిటికన్నా ముందు నురుగు ఎందుకు వస్తోందో చూడు. సూక్ష్మజీవులకు ఆహారంగా వేసే సోయా పిండిలోని ప్రొటీన్లు, పెంచిన గాలి, ట్యాంకును అతిగా నింపడం మామూలు కారణాలు. బ్యాచ్ మధ్యలో ఉన్నట్టుండి పొంగితే మాత్రం కణాలు పగులుతున్నాయేమో, కల్తీ సూక్ష్మజీవులు చేరాయేమోనని వెంటనే నమూనా తీసి మైక్రోస్కోపు కింద చూడు. ట్యాంకులోని గాలి బయటికి పోయే ఎగ్జాస్ట్ ఫిల్టరును నురుగు తడిపిన రోజున సంగతి కచ్చితంగా లాగ్ బుక్కులో రాయి, దాచవద్దు.

ఒక్కో బ్యాచ్‌కు యాంటీఫోమ్ ఎంత ఖర్చవుతోందో, ఏ గంటలో వేస్తున్నారో వివరంగా రాసి పంపు.

నీ మేలు కోరే
మామయ్య