పెన్సిల్ తప్ప నాకేదీ రాదంటున్న మనవరాలికి

పాపా,

ఈ ఏడాది మీ బడిలో పెన్సిల్, వాటర్ కలర్, మట్టి, లినోలియం షీటు మీద చెక్కి అచ్చు వేసే లినోకట్ అన్నీ చేయించారని, నువ్వు మాత్రం ‘నాకు పెన్సిల్ ఒక్కటే వచ్చు, మిగతావి మానేస్తా’ అంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ బొమ్మల ఫొటోలు కూడా పంపింది. ఉద్యోగమంతా తిరుపతిలో డ్రాయింగ్ సారుగానే గడిపినవాణ్ణి కాబట్టి వాటిని తీరిగ్గా చూశాను. నువ్వు మానేయాల్సిన అవసరం అందులో ఎక్కడా నాకు కనిపించలేదు.

శేషాచలం కొండల బొమ్మ బురదగా వచ్చిందని బాధపడ్డావట. ఎర్ర రాతి మీద తడి ఆరకముందే పచ్చరంగు పెట్టావు. ఎరుపు, పచ్చ కలిస్తే మట్టిరంగే వస్తుంది, అందులో నీ చేతి తప్పేమీ లేదు. ఒక పొర ఆరేదాకా ఆగి రెండోది వెయ్యి. పోస్టర్ కలర్‌లో అయితే పైన తెల్లరంగు వేసి కప్పేయొచ్చు. వాటర్ కలర్‌లో కాగితమే తెలుపు, వెలుగు ఎక్కడ కావాలో అక్కడ ముందే వదిలేయాలి. లేత రంగులు ముందు, ముదురువి తర్వాత. బ్రష్ కడగడానికి ఒక గ్లాసు, రంగు కలపడానికి వేరే గ్లాసు పెట్టుకో. మామూలు డ్రాయింగ్ పుస్తకం కాగితం తడికి ఉబ్బిపోతుంది. 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి కాగితం ఒక్క షీటు కొనిపించుకుని నాలుగు ముక్కలు చేసుకో, తేడా నీకే తెలుస్తుంది.

ఇక మట్టి గుర్రం. కాళ్లు సన్నం, పొట్ట మందం. దాన్ని మిద్దె మీద మధ్యాహ్నపు ఎండలో పెట్టారట! సన్నగా ఉన్నది ముందు ఆరి కుంచించుకుపోతుంది, మందంగా ఉన్నది ఇంకా తడిగానే ఉంటుంది, అతుకు దగ్గర పగులుతుంది. ఈసారి పొట్టను కింది నుంచి తొలిచి బోలు చెయ్యి. కాలు అతికించే చోట రెండు వైపులా గీతలు గీసి, పలుచటి మట్టి పూసి నొక్కు. తడిగుడ్డ కప్పి నీడలో నిదానంగా ఆరనివ్వు. పలమనేరు టెర్రకోట చేసేవాళ్లయినా ఆరబెట్టడంలో తొందరపడరు. కాల్చని గుర్రమే కదా, పగిలినదాన్ని నీళ్లలో నానబెడితే మళ్లీ మెత్తటి మట్టి అవుతుంది.

లినోకట్‌లో పేరు తిరగబడి అచ్చయిందంటే, అక్షరాలు తలకిందులు కాకుండా అద్దంలో కనిపించినట్టు చెక్కాలని అర్థం. ట్రేసింగ్ పేపరు మీద రాసి, దాన్ని తిరగేసి దించుకుంటే చాలు. రెండో చెయ్యి మాత్రం ఉలికి ఎదురుగా ఎప్పుడూ పెట్టొద్దు.

నాకు అసలు దిగులు కలిగించింది వేరే విషయం. నీ పెన్సిల్ బొమ్మల్లో చెరిపిన గుర్తులు చాలా ఉన్నాయి. రబ్బరు ఉందన్న ధైర్యంతో చూడకుండానే గీస్తున్నావు. అందుకే చెరపడానికి వీల్లేని పని చేతికి రాగానే టెన్షన్ పడుతున్నావు. కొన్నాళ్లు పెన్నుతోనే గీయి. గీత తప్పితే తప్పనీ, దాని పక్కనే సరైన గీత గీయి.

అందుకే నిన్ను శ్రీకాళహస్తికి తీసుకెళ్లాలని ఉంది. కలంకారీ వాళ్లు బట్టను కరక్కాయ, గేదె పాలలో తడిపి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు అటూ ఇటూ పాకదు. ముందు చింతబొగ్గుతో లీలగా గీసుకుంటారు. తర్వాత కొసకు గుడ్డో ఉన్నో చుట్టిన వెదురు కలంతో నల్లగీత. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లే ఆ నలుపు. కరక్కాయ పట్టిన బట్టకు తగలగానే చిక్కబడుతుంది, ఇక పోదు. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, బట్టను రంగులో ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు గట్టిగా పడుతుంది. ఆ పనిలోనే బతుకంతా గడిపిన జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇక్కడ టీటీడీ శిల్పకళాశాలలో రాయి, లోహం, చెక్క, చిత్రలేఖనం వేటికవే విభాగాలు. ఒక్కోదానికి ఏళ్లు పడతాయి. మీ బడిలో అన్నీ తలా కొన్ని వారాలు చేయించేది అన్నిట్లో నిన్ను పండితురాలిని చెయ్యడానికి కాదు, ఒక్కో వస్తువు దేనికి ఒప్పుకుంటుందో, దేనికి ఒప్పుకోదో నీ చేతికి తెలియాలని. మంచిగా వచ్చినవాటినే గోడకు పెట్టడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. పిల్లలు మిగతావన్నీ చింపేస్తారు. నువ్వు చింపొద్దు. ప్రతి బొమ్మ వెనక ఏ కాగితం, ఏ బ్రష్, ఎక్కడ చెడింది అని రెండు మాటలు రాసి పెట్టు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఆ కట్ట మొత్తం తీసుకురా. పాత నూలు పంచె ఒకటి నేను ఉతికి ఉంచుతాను. కరక్కాయలు ఇక్కడ పచారీ కొట్లో దొరుకుతాయి. పాలు మాత్రం గేదె పాలే కావాలి, మీ జేజికి ఇప్పుడే చెప్పి పెడతాను.

మీ తాత
తిరుపతి