ఏడాదికొకసారి భారీ రక్తదాన శిబిరం పెడితే సరిపోతుందా?

సరిపోదు, కొద్దిమంది దాతలైనా ఏడాది పొడవునా వంతులవారీగా రక్తమివ్వడమే రోగులకు ఎక్కువగా ఉపయోగపడుతుంది. సేకరించిన రక్తాన్ని భాగాలుగా విడదీసినప్పుడు ఎర్రకణాలు 2 నుంచి 6 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో సుమారు 42 రోజులు, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) ఏడాది వరకు నిలుస్తాయి గానీ, గది ఉష్ణోగ్రతలో యంత్రంపై మెల్లగా ఊగుతూనే ఉండవలసిన ప్లేట్‌లెట్లు (రక్తస్రావాన్ని ఆపే కణాలు) 5 రోజులకే పనికిరాకుండా పోతాయి. తీవ్రమైన తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తహీనత జబ్బు) ఉన్న బిడ్డకు 2 నుంచి 4 వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఆగస్టు 15న వందమంది ఒకేసారి ఇచ్చినా, ఆ ఎర్రకణాలకు సెప్టెంబరు ఆఖరుకల్లా గడువు తీరిపోతుంది, దసరా నాటికి మళ్లీ దాతల కోసం వెతుకులాటే. రక్తాన్ని ఫ్రీజర్‌లో పెట్టి ఎంతకాలమైనా దాచవచ్చని చాలామంది అనుకుంటారు, కానీ ప్రత్యేక రక్షణ ద్రావణం లేకుండా గడ్డకట్టిస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. మన దేశంలో ఆరోగ్యవంతులైన పురుషులు 90 రోజులకు, మహిళలు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు కనుక, ఊరి యువజన సంఘం సభ్యుల బ్లడ్ గ్రూపులు, చివరిసారి ఇచ్చిన తేదీలు ఒక నోటుపుస్తకంలో రాసుకుని, నెలకు పదిమంది చొప్పున బ్లడ్ బ్యాంకుకు పంపితే చాలు.