ఒక్క మీటింగుతో తేల్చేయకండి

మారతహళ్లి దగ్గర ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ), అంటే తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుండే బృందం, మీటింగుకు వెళ్లిన మీ తమ్ముడు, అంతా ఇంగ్లీషులోనే సాగిందని ముఖం ముడుచుకుని వచ్చేశాడన్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో ఏ గ్రూపు తీరు దానిదే. రుసుము ఉండదు, తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. బెంగళూరు ఏఏ హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి, తెలుగువాళ్లున్న గ్రూపు ఎక్కడుందో అడగండి. మీరూ వెంట వెళ్లాలంటే అది 'ఓపెన్' మీటింగేనా అని ముందే కనుక్కోండి. 'క్లోజ్డ్' మీటింగులు తాగుడు సమస్య ఉన్నవారికే. కుటుంబ సభ్యులకు అల్-అనాన్ అనే బృందం వేరే ఉంది. మీటింగులో మీ తమ్ముడు మాట్లాడనక్కర్లేదు, వెనక వరుసలో కూర్చుని వింటే చాలు. మీటింగయ్యాక టీ తాగుతూ చెప్పుకునే కబుర్లే నా లెక్కలో అసలు మందు.

పొద్దున్నే అతని చేతులు వణుకుతున్నాయన్నారు కదా, అన్నిటికంటే ముందు బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రి వ్యసన చికిత్స విభాగంలో చూపించండి. అలాంటివారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు.